నొగల మధ్య

బేకరీ వీధి ఎక్కుడు సగం అయ్యాక, సరిగ్గా మంగలి షాపు అద్దం ముందు, పిడుగు ఆగిపోయింది. ఆగడమంటే అలా ఇలా ఆగడం కాదు. ముందుకాళ్లు రెండూ రాళ్ల సందుల్లో పాతేసినట్టు పెట్టి, మెడ పైకెత్తి, చెవులు వెనక్కి పడేసి, ముక్కుపుటాలు ఎర్రగా తెరుచుకుని, ఇక చంపినా కదలనన్నట్టు ఆగింది. దాని వెనక బండి మీద పది బస్తాల పిండి. బండి వెనక, చక్రం కిందికి రాయి తోస్తూ పిడుగమ్మ.

పిడుగు పోనీ జాతి పొట్టి గుర్రం. నిలబడితే దాని వీపు మనిషి ఛాతీ దాకా వస్తుంది, అంతే. పేరు మాత్రం ఊరు దద్దరిల్లేంత. దాన్ని తోలే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, కింద పిండిమిల్లు నుంచి పైన బేకరీ దాకా అందరికీ ఆవిడ పిడుగమ్మే. మొగుడి పేరుతో పిలిపించుకోవడం కంటే గుర్రం పేరుతో పిలిపించుకోవడమే నయం, అది కనీసం రోజంతా పక్కనే ఉంటుంది అని ఆవిడే నవ్వుతూ అంటుంది.

ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు. ముందుకొచ్చి కళ్లెం పట్టుకుంది.

"ఊఁ, తల్లీ, ఊఁ... ఆ మలుపు తిరిగితే అంతా చదునే. రామ్మా."

పిడుగు ఒక్క అడుగు వేసింది. వెనక డెక్కలు రాళ్ల మీద సర్రున జారాయి. దగ్గింది. మళ్లీ ఆగింది.

మంగలి చేతిలో కత్తితో గుమ్మంలోకి వచ్చాడు. వెనకాలే సగం గడ్డం నురగతో ఓ పెద్దమనిషి కూడా.

"నిన్న కూడా ఇక్కడే కదూ ఆగింది?" అన్నాడు పెద్దమనిషి.

"దానికి నా షాపంటే ఇష్టమండీ. జూలు కత్తిరించమంటోంది" అన్నాడు మంగలి.

అంతలో కింద నుంచి మిల్లు మేస్త్రీ ఒగర్చుకుంటూ వచ్చాడు, భుజాన బస్తాలు కట్టే తాడు చుట్ట. పొద్దున్నుంచీ బేకరీవాళ్లు ఆయన బుర్ర తింటున్నారు, పిండి ఏదీ పిండి ఏదీ అని. వచ్చినవాడు వచ్చినట్టే తాడు కొస విప్పి పిడుగు పిర్ర మీద ఒక్కటి వేశాడు. ఒళ్లంతా వణికింది దానికి. రెండోది వేశాడు. మూడోది మాత్రం పిడుగమ్మ ముంజేతి మీద పడింది, ఎందుకంటే ఈలోగా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేసింది. పడ్డ తాడుని గుప్పిట బిగించి వదల్లేదు.

"వదులమ్మాయ్."

"నువ్వే వదులు మేస్త్రీ. నా గుర్రాన్ని కొట్టాలంటే నన్నడుగు."

"అడిగితే కొట్టమంటావా ఏంటి?"

"అననుగా. అందుకే అడగమంటున్నా."

మంగలి కిసుక్కుమన్నాడు. మేస్త్రీ తాడు వదిలేశాడు. చెడ్డవాడేం కాదు, పొద్దున్నుంచీ మాటలు పడ్డ మనిషి, అంతే. నలుగురూ కలిసి బండి వెనక్కి చేరారు. మేస్త్రీ, మంగలి, నురగ పెద్దమనిషి, దారినపోయే ఇంకో ఆయన, అందరూ వంగి, బండి వెనక పలక కింద భుజాలు ఆనించి, ఎత్తినట్టుగా ఒక్క తోపు తోశారు. అంతే! అంతసేపు మొండికేసింది ఇదేనా అన్నట్టు పిడుగు టకటకా టకటకా మలుపు దాకా ఎక్కేసింది.

"చూశావా!" మేస్త్రీ నడుం పట్టుకుని లేస్తూ అన్నాడు. "చేతకాక కాదు, పొగరు! లాగగలదు, లాగదు."

పిడుగమ్మ చెయ్యి చూసుకుంది. చేతి మీద తాడు గీత ఎర్రగా తేలుతోంది. పిడుగు పిర్ర మీదవి వెంట్రుకల్లో కనబడవు గానీ అక్కడా అలాగే తేలి ఉంటాయి కదా అనుకుంది.

"రేపట్నుంచి ఆరు బస్తాలే వేస్తా" అన్నాడు మేస్త్రీ, గొంతు కాస్త తగ్గించి. "అవీ ఎక్కకపోతే ఇంకో బండి చూసుకుంటాం చెల్లెమ్మా. నా చేతిలో లేదు. పొయ్యి వెలిగించి కూచున్నవాళ్లు గుర్రం అలక తీరేదాకా ఆగరు."

*

సాయంత్రం ఖాళీ గోనెలు మిల్లులో ఇచ్చేయడానికి వెళ్తే, మేస్త్రీ తనంతట తనే పిడుగుని బస్తాల లారీలు తూచే కాటా మీదికి ఎక్కించమన్నాడు. పొద్దున కొట్టినందుకు అదో రకం క్షమాపణ. పిడుగు ఆ ఇనప పలక మీద అనుమానంగా కాళ్లు కదిపింది. ముల్లు ఊగి ఊగి మూడు క్వింటాళ్లకి కొంచెం ఇవతల ఆగింది.

"బండితో సహా నువ్వేసే బరువు దీనికి రెండింతలు" అన్నాడు మేస్త్రీ. "మోయమంటే తప్పు గానీ, చక్రాల మీద లాగడానికి రెండింతలు ఏ పోనీకైనా పెద్ద లెక్క కాదు. మోత వేరు, లాగుడు వేరు. చదును మీద ఇంకాస్త వేసినా లాగుతుంది. ఎక్కుడులోనే ప్రాణం తీస్తుంది."

"ఇన్నాళ్లూ అదే ఎక్కుడు, అవే పది బస్తాలు కదా మేస్త్రీ."

"అప్పుడు దాని వయసు వేరు."

వయసు! మొన్న వానాకాలం దాకా లేని వయసు ఈ నెలలో ఎక్కడి నుంచి ఊడిపడింది? పిడుగమ్మ ఖాళీ బండి తోలుకుంటూ దారంతా అదే నమిలింది. ఖాళీ బండికి పిడుగు చెవులు ముందుకి నిక్కబొడుచుకుని హాయిగా నడుస్తోంది. కొత్త చక్రాలు చప్పుడే లేకుండా జారుతున్నాయి.

ఆ చక్రాలు ఆవిడ మొగుడి పనితనం. ఆయన వెల్డరు. ఇంటి ముందుగదే షాపు, ఇనప తలుపులూ కిటికీ ఊచలూ అక్కడే చేస్తాడు. పాత బండికి నడుమెత్తు చెక్క చక్రాలుండేవి, ఇనప కమ్మీ వేసినవి. రాళ్ల వీధిలో వెళ్తుంటే మేడల మీద పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఒకదాని ఆకులు, అంటే లోపలి అడ్డకర్రలు, విరిగాయి. విరిగింది కదా అని ఆయన పది రోజుల పాటు, పెళ్లాం అడక్కుండానే, తిరిగి తిరిగి పాత కారు చక్రాలు తెచ్చి, కొత్త ఇరుసు కోసి, బేరింగులు బిగించి, గ్రీజు పెట్టి, ఓ పొద్దున తలుపు తీసి "చూసుకో" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన ఆవిడకిచ్చిన బహుమానం అదే అంటే అదే. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. పాత చక్రాలిప్పుడు పెరట్లో గోడకి ఆనించి ఉన్నాయి. అత్తగారు వాటి మీద బట్టలారేస్తుంది.

"మళ్లీ ఆగిందా?" వెల్డరు నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని బయటికొచ్చాడు.

"ఆగింది."

"ఇలా రా. ఇటు చూడు." పిడుగుని విప్పేశాక ఖాళీ బండి దగ్గరికెళ్లి, చూపుడువేలు ఒక్కటీ వెనక పలకకి ఆనించి తోశాడు. బండి గడప దాకా దొర్లిపోయింది. "ఒంటి వేలు! నా వేలుకి కదిలే బండి దాని ఒంటికి కదలదా? పాత చక్రాలతో పది లాగిన గుర్రం వీటితో పదిహేను లాగాలి. నువ్వు గారాబం చేసి చెడగొట్టావు దాన్ని."

"గారాబం చేస్తే మనుషులు చెడతారు గానీ గుర్రాలు చెడవు" అంది అరుగు మీద కూచుని చిక్కుళ్లు వలుస్తున్న అత్తగారు. ఆవిడ మనిషి భారీ, మాట అంతకంటే భారీ. "నిన్ను నేను గారాబం చేశాను, చూడు ఎలా తయారయ్యావో."

"అమ్మా, నువ్వుండు."

"ఉంటాన్లే. ఉండక ఎక్కడికి పోతాను, ఈ మోకాళ్లతో?"

వెల్డరు కొంచెం మెత్తబడ్డాడు. పెళ్లాం ముంజేతి మీద గీత అప్పుడే చూశాడు. ఏమైందని అడిగాడు, ఆవిడ చెప్పింది. ఆయన ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"రోజూ ఇలా దెబ్బలు తింటుందా అది? నువ్వూ? దానికంటే ఇచ్చేద్దామే. పెద్ద గుర్రాన్ని చూద్దాం. గుర్రాల బేరగాడు ఈ వారం ఊళ్లోనే ఉన్నాడట."

అది కోపంతో అని ఉంటే పిడుగమ్మ పోట్లాడేది. ప్రేమతో అన్నాడు. ప్రేమతో అన్నదానికి ఏమని ఎదురు చెప్తాం?

*

మర్నాడు బాడుగ మానేసి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి గుండె విన్నది, డెక్కలెత్తి చూసింది, పళ్లు చూసింది, కిందికి వంగి పొట్ట కింద చెయ్యి పెట్టింది. పిడుగు గబుక్కున పక్కకి జరిగింది.

"రోగమేం లేదండీ. కాళ్లు, గుండె అన్నీ బాగున్నాయి. ఇదిగో, ఇక్కడ మాత్రం పొట్టపట్టీ కోసుకుంటోంది. వెంట్రుకలు పోయి పచ్చిగా ఉంది చూడండి. గట్టిగా బిగిస్తున్నారేమో."

బండికి ముందు రెండు పొడుగాటి కర్రలుంటాయి, నొగలు అంటారు. గుర్రం ఆ రెండిటి మధ్య నిలబడుతుంది. వీపు మీద పట్టీ ఆ నొగలు కిందపడకుండా పట్టుకుంటుంది. పొట్ట కింద పట్టీ అవి పైకి లేవకుండా పట్టుకుంటుంది. పిడుగమ్మ వంగి చూసింది. ముంగాళ్ల వెనక అరచెయ్యంత మేర తోలు ఎర్రగా ఉంది. తను రోజూ తోమే ఒళ్లే. కనబడలేదు! సిగ్గుతో ముఖం మాడిపోయింది ఆవిడకి. మందు రాసుకుని, ఇంటికొచ్చి, ఆ పట్టీ బకిలు రెండు బెజ్జాలు వదులు చేసింది. ఇక సుఖంగా ఉంటుంది తల్లికి, రేపు చూడండి ఎలా ఎక్కుతుందో అనుకుంది. దొరికిందిరా దొంగ అనుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

తెల్లారి మిల్లులో మేస్త్రీ తన మాట ప్రకారం ఆరే వేయించాడు. హమాలీలకి పండగ. బండి వెనక నుంచి ఎక్కించి, ముందు దాకా ఎవడు మోస్తాడని, వెనక పలక దగ్గరే ఆరూ పేర్చేసి చేతులు దులుపుకున్నారు. మిల్లు ముందు చదును మీద పిడుగు బాగానే నడిచింది. ఎక్కుడు మొదలైంది. నీళ్ల కుళాయి దాటింది. అక్కడే, మంగలి షాపు ఇంకా ఎంతో దూరంలో ఉండగానే, ఆగిపోయింది.

ఆరు బస్తాలు! పదింటికి మంగలి షాపు దాకా వచ్చిన గుర్రం ఆరింటికి కుళాయి దగ్గరే ఆగింది!

ఈసారి ముందుకాళ్లు తేలిపోతున్నట్టు తడబడ్డాయి. నోటి వెంట నురగ. పిడుగమ్మ దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లలోకి చూసింది. "ఏంటమ్మా? ఏంటో చెప్పవే? నోరు లేకపోతే కాలితోనైనా తన్ని చెప్పవే!" పిడుగు ఆవిడ భుజం మీద బరువుగా ఊపిరి వదిలింది. హమాలీలొచ్చి బస్తాలు భుజాల మీద మోసుకెళ్లారు, దారి పొడుగునా గుర్రాన్నీ గుర్రం తాతనీ తిట్టుకుంటూ. మేస్త్రీ తిట్టలేదు. దానికే భయమేసింది ఆవిడకి. "రేపొక్కరోజు చూస్తా" అన్నాడు, అంతే.

ఇంక చెప్పడానికేముంది? బరువు తగ్గించినా లాగలేదంటే తప్పు బరువుది కాదు, గుర్రానిదే. ఊరంతా అదే మాట. ఆ సాయంత్రం బేరగాడు వచ్చాడు.

సన్నటి మనిషి, మెత్తటి చెప్పులు, పాల మీగడలాంటి గొంతు. పిడుగు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పెదవి ఎత్తి పళ్లు చూశాడు, మోకాళ్లు తడిమాడు. తర్వాత ఎందుకో బండి చుట్టూ కూడా ఒకసారి తిరిగి, చక్రాల వైపు చూసి, తల పంకించాడు.

"మంచి పని" అన్నాడు వెల్డరుతో. వెల్డరు మురిసిపోయాడు.

"ఎక్కడికిస్తావు దీన్ని?" అడిగింది పిడుగమ్మ.

"ఇటుక బట్టీకి చెల్లెమ్మా. అక్కడంతా చదునే."

చదునే. ఇటుక బట్టీల్లో గుర్రాలు ఎలా ఉంటాయో ఆవిడ చూసింది. ఒకే దారిలో అటూ ఇటూ, అటూ ఇటూ, కళ్లలో ఎర్రదుమ్ము, నీడన్నమాట లేదు, రెండేళ్లు నిలిస్తే గొప్ప. వెల్డరు కూడా చూశాడు. నేల చూపులు చూశాడు. కానీ పెద్ద గుర్రం కావాలంటే ఇది పోవాలి, మేస్త్రీ ఇంకో బండి చూసుకునేలోపే పోవాలి. బేరగాడు నడుముకున్న పచ్చతాడు తీసి పిడుగు మెడకి కట్టాడు. ఆ బేరగాళ్లలో అదే మాట. తాడు మెడకి పడితే బేరం కుదిరినట్టే.

"రేపు మధ్యాహ్నం వచ్చి తోలుకెళ్తా. పొద్దున్న ఒక బాడుగ ఉంటే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

అత్తగారు చిక్కుళ్ల చేట పక్కన పెట్టి లోపలికెళ్లిపోయింది. ఆవిడ మాట్లాడకుండా లోపలికెళ్లడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

*

పొద్దున్నే, ఆరైతే బేకరీకి చాలడం లేదని, ఎనిమిది బస్తాలు వేశారు, మళ్లీ వెనక నుంచే. మెడలో పచ్చతాడుతో పిడుగు కుళాయి దగ్గరికొచ్చింది, ఆగింది. మంగలి దూరం నుంచి చూసి తల అడ్డంగా ఊపాడు. కింద నుంచి మేస్త్రీ రావడం కనబడుతోంది. చేతిలో తాడు లేదు గానీ నోట నిన్నటి మాట ఉంది.

పిడుగమ్మకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. గుర్రం మీదా, బేరగాడి మీదా, తన మీదా. ఆఖరి రోజు కూడా దీన్ని ఇలా నడివీధిలో నిలబెట్టి నలుగురి చేతా తిట్టించాలా? వద్దు! విప్పేస్తా! బస్తాలు నేనే మోస్తా, ఒక్కోటీ నేనే! చక్రాల కింద రాళ్లు గట్టిగా తన్నింది. బండిని లాగించే రొమ్ముపట్టీ గొలుసులు తీసింది. ఎడంచేత్తో నొగ పట్టుకుని, వంగి, కుడిచేత్తో పొట్టపట్టీ బకిలు లాగింది.

ఎక్కుడులో నిండు బండి నుంచి గుర్రాన్ని ఎవరూ విప్పరు. ఎప్పుడూ పైన దింపేశాకే విప్పుతారు. ఖాళీ బండి ఎప్పుడూ ముందుకే వాలుతుంది, నొగలు కిందికి దిగి కూచుంటాయి. అందుకే ఆవిడ నొగ కిందపడకుండా ఎత్తి పట్టుకోవాలనుకుంది.

నొగ కిందికి రాలేదు. పైకి లేచింది.

బకిలు ఊడీ ఊడగానే రెండు నొగలూ తుపాకీ గొట్టాల్లా ఆకాశంలోకి లేచాయి, ఎడంచెయ్యి వదలని పిడుగమ్మ వాటితో పాటే లేచింది. చెప్పు ఒకటి జారి కుళాయి కింద పడింది. వెనక పలక రాళ్లకి దబ్బున కొట్టుకుంది, ఓ బస్తా జారి వీధిలో కూచుంది, ఆవిడ చంక కింద నొగతో, దండెం మీద ఆరేసిన లంగాలా, వేలాడింది.

"అయ్యయ్యో పిడుగమ్మా!" మంగలి పరిగెత్తుకొచ్చాడు, నవ్వు ఆపుకోలేక.

ఆవిడ మాత్రం నవ్వలేదు. అరవలేదు. అలా వేలాడుతూ, ఊపిరాడక, చంక కింద నొక్కుడుకి కళ్లు బైర్లు కమ్ముతుంటే, కాలి మునివేళ్లతో నేల కోసం తడుముకుంటూ, దొరకని నేల కోసం తడుముకుంటూ, పక్కనే నిలబడ్డ పిడుగుని చూసింది. పిడుగు ఇన్నాళ్లకి మొదటిసారి ఎక్కుడులో తల దించి, ఒళ్లంతా దులుపుకుని, పొడుగ్గా ఊపిరి పీల్చుకుంటోంది.

"ఓరి దేవుడా" అంది పిడుగమ్మ. "దాన్ని వేలాడదీస్తున్నాం. రోజూ వేలాడదీసి లాగమంటున్నాం!"

పొగరు కాదు. వయసు కాదు. కొత్త చక్రాలు పొట్టివి, బండి వెనక్కి వాలింది, బరువంతా వెనక పలక మీద. ఎక్కుడు మొదలవగానే నొగలు పైకి లేచి పొట్టపట్టీతో దాన్ని ఎత్తేస్తున్నాయి. కాళ్లు నేలకి ఆనకపోతే ఎంత బలం ఉంటే ఏం లాభం? ఎంత బరువు లాగగలవంటే ఏం చెప్తుంది పాపం? బస్తాలు తగ్గించి వెనకే పేరిస్తే ఇంకా ఘోరం. పట్టీ వదులు చేసి తనే నొగల్ని ఇంకా ఎత్తుకి లేపింది. వెనక పలక ఎత్తి తోసినప్పుడు టకటకా ఎందుకెక్కిందో ఇప్పుడు తెలిసింది.

"మేస్త్రీ! చూస్తావేంటి, నొగ పట్టుకుని కిందికి లాగు!" అని దిగి, ఒంటి చెప్పుతోనే బండెక్కింది. ఒక్కో బస్తా చెవులు పట్టుకుని ఈడ్చి ఈడ్చి ముందుకి చేర్చింది. నాలుగు బస్తాలు ముందుకి రాగానే మేస్త్రీ చేతుల్లో నొగలు తేలికయ్యాయి. ఐదోది జరపగానే మెల్లగా, బుద్ధిగా, కిందికి దిగాయి. మేస్త్రీ నోరు తెరిచాడు, ముయ్యలేదు.

పిడుగుని మళ్లీ కట్టింది. కళ్లెం పట్టుకోలేదు, పిలవలేదు, ముందు నడిచింది, అంతే. వెనకాల డెక్కల చప్పుడు. టక్, టక్, టక్. కుళాయి దాటింది. మంగలి షాపు దాటింది. మలుపు తిరిగింది. పిడుగమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎక్కడ ఆగిపోతుందో అని భయం. బేకరీ గుమ్మం దగ్గర పిడుగు ముక్కు ఆవిడ వీపుకి తగిలినప్పుడు మాత్రం కూలబడి భోరుమంది.

*

ఇప్పుడు అసలు కష్టం. ఆయనతో ఎలా చెప్పాలి?

"నా చక్రాలా?" వెల్డరు చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. "ఒంటి వేలితో తోసి చూపించాను కదే! నా చక్రాలకేంటి తప్పు?"

"తప్పు లేదు. పొట్టివి, అంతే."

"పొట్టివైతే ఏం? తిరగడం లేదా?"

"తిరుగుతాయి. నువ్వు నొగల మధ్యలోకి రా."

"నేనా? గుర్రాన్నా నేను?"

"వెళ్లరా, రమ్మంటోందిగా" అంటూ అత్తగారు అరుగు మీద నుంచి లేచింది. విషయమంతా కోడలు ముందే ఆవిడ చెవిలో వేసింది. మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి, బండి వెనక పలక మీద, నిండుగా, సింహాసనం మీద కూచున్నట్టు కూచుంది. నొగలు ఒక్కసారిగా లేచాయి. వాటిని చంకల్లో ఇరికించుకున్న వెల్డరు కూడా లేచాడు. కాళ్లు గాల్లో తన్నుకుంటున్నాయి.

"అమ్మా! దిగు! అమ్మా!"

"ఉండరా. ఇన్నేళ్లకి నిన్ను పైకి తెచ్చాను. కాసేపు చూసుకోనీ."

పిడుగమ్మకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. దించాక ఆయన చంకలు రుద్దుకుంటూ బండి పక్కన గొంతుక్కూచున్నాడు. నొగల వాలు చూశాడు. ఇరుసు చూశాడు. పాత చక్రం పక్కన కొత్త చక్రం ఎత్తు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన సిగ్గుపడితే చెవులే చెప్తాయి.

"పది రోజులు చేశాను" అన్నాడు మెల్లగా. "ఒక్కరోజు కూడా దాన్ని పక్కన నిలబెట్టి చూడలేదు."

"నాకోసం చేశావు. దాన్నెందుకు చూస్తావు?" అని ఆవిడ ఆయన పక్కనే కూచుంది. "మంచి చక్రాలు. ఇంకాస్త ఎత్తు కావాలి, అంతే."

"ఇరుసుకీ బండికీ మధ్య దిమ్మెలు వేస్తే..." అన్నాడు, అంటూనే లేచాడు, కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. మళ్లీ వెలుగులు చిమ్మాయి గదిలో.

మధ్యాహ్నం బేరగాడు వచ్చేసరికి బండి సమంగా నిలబడి ఉంది. పిడుగమ్మ పచ్చతాడు మడిచి చేతికిచ్చింది.

"తాడు కట్టాక మాట తప్పడం ఇంటికి మంచిది కాదు చెల్లెమ్మా" అన్నాడు ఆయన, మీగడ గొంతుతోనే.

"తాడు గుర్రానికి కట్టావు నాయనా, మా నోటికి కట్టలేదు" అంది అత్తగారు.

బేరగాడు నవ్వాడు. బండి కిందికి వంగి చూశాడు, ఇరుసు మీద కొత్త దిమ్మెలు, ఇంకా వేడి చల్లారనివి. "కనిపెట్టేశారన్నమాట."

పిడుగమ్మ గబుక్కున ఆయన వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

"నిన్న చూడగానే తెలిసింది. అడిగుంటే చెప్పేవాణ్ణి."

"అడక్కపోతే?"

"అడక్కపోతే బేరం." తాడు నడుముకి చుట్టుకుని, మెత్తటి చెప్పులతో చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు.

*

మర్నాడు మిల్లులో మేస్త్రీ ఉత్సాహం చూడాలి. "వెయ్యండ్రా పది! ముందు నుంచి పేర్చండ్రా, ముందు నుంచి!" అని హమాలీల మీద ఎగురుతున్నాడు, తనే కనిపెట్టినట్టు.

"ఎనిమిది" అంది పిడుగమ్మ.

"అదేంటి? తప్పు దొరికిందిగా? మునుపు పది లాగిందిగా?"

"లాగింది. అప్పుడు నేను బండి పక్కన నడిచేదాన్ని. నిన్న నొగల మధ్య వేలాడాను. ఎనిమిదే. మిగిలినవి ఇంకోసారి వచ్చి తీసుకెళ్తా."

మేస్త్రీ ఆవిడ ముఖం చూశాడు, పిడుగు ముఖం చూశాడు. "అడిగి కొట్టమన్న మనిషితో ఏం వాదిస్తాం" అని ఎనిమిదో బస్తా దగ్గర చెయ్యెత్తాడు.

వెల్డరు షాపు మూసి మరీ వచ్చాడు ఆ రోజు. ఆగితే చక్రం కింద పెడతానని చంకలో పెద్ద రాయి ఒకటి పెట్టుకుని బండి వెనకాలే బయల్దేరాడు. పిడుగు కుళాయి దగ్గర ఆగలేదు. ఆయన ఇంకాస్త వేగంగా నడిచాడు. మంగలి షాపు దగ్గర ఆగలేదు. ఆయన పరిగెత్తాడు. మంగలీ, గుమ్మంలో ఇంకో నురగ గడ్డమూ బండికి కాదు, రాయి పట్టుకుని రొప్పుతున్న ఆయనకి చప్పట్లు కొట్టారు. మలుపు, చదును, బేకరీ గుమ్మం.

పిడుగు నిలబడి, డొక్కలు కాస్త ఆడిస్తూ, తోకతో ఈగని తోలుకుంది. వెల్డరు బేకరీ మెట్టు మీద కూలబడ్డాడు. రాయి ఇంకా ఒళ్లోనే ఉంది. ముఖం కందగడ్డ.

బేకరీ ఆయన బకెట్టు నిండా నీళ్లతో బయటికొచ్చి, గుర్రాన్నీ మనిషినీ మార్చి మార్చి చూసి అయోమయంగా నిలబడిపోయాడు.

"ముందు ఎవరికి పెట్టమంటావమ్మా?"

పిడుగమ్మ పిడుగు డొక్క మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం విన్నది.

"ముందు ఆయనకివ్వండి" అంది. "ఇది ఆగుతుంది."